వెలిని తిప్పి వాడిన భూస్వామి: చార్లెస్ స్టీవర్ట్ పార్నెల్

(మా శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. ఈ వానలో ఇంతమంది వస్తారనుకోలేదండీ. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

ముందు ఒక మాట గురించి అడుగుతాను. బాయ్‌కాట్. పేపర్లో రోజూ చూస్తాం. ఎన్నికల బాయ్‌కాట్, క్లాసుల బాయ్‌కాట్, సభ నుంచి బాయ్‌కాట్. ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇది ఒక మనిషి ఇంటిపేరండీ. కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ అని ఐర్లండ్‌లో ఒక జమీందారు దగ్గర ఏజెంటు, అంటే కౌళ్లు వసూలు చేసేవాడు. ఆయన పేరు ప్రపంచమంతా పాకింది. ఆయన్ని ఆ గతికి తెచ్చిన పద్ధతి చెప్పిన మనిషి పేరు మాత్రం మన దగ్గర చాలామందికి తెలీదు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ మనిషి గురించి. చార్లెస్ స్టీవర్ట్ పార్నెల్.

మా అమ్మాయి ఉద్యోగం డబ్లిన్‌లో. పోయినేడు మూడు నెలలు అక్కడున్నాను. ఊరి నడిబొడ్డున ఓకానెల్ వీధి అని పెద్ద రోడ్డుంది, ఆ రోడ్డు చివర ఈయన విగ్రహం. వెనక ఎత్తైన స్తంభం, దానిమీద ఈయన మాటలే చెక్కారు. ఒక జాతి నడకకు హద్దు గీసే హక్కు ఏ మనిషికీ లేదు, ఇంతవరకే నువ్వు రావాలి, ఇక ముందుకు రాకూడదు అని తన దేశానికి చెప్పే హక్కు ఏ మనిషికీ లేదు అని. 1885 జనవరిలో కార్క్ ఊళ్లో అన్న మాటలవి. ఆ విగ్రహం ఆవిష్కరించింది 1911లో. మన వి.వి.గిరి గారు చదువుకోడానికి డబ్లిన్ వెళ్లింది 1913లో. బరంపురంలో పుట్టిన తెలుగాయన, ఆ ఊళ్లో దిగేసరికి ఈ విగ్రహం పెట్టి రెండేళ్లే. ఆ మాటలు ఆయన చదివే ఉంటారని నా ఊహ. 1916లో తిరుగుబాటు తర్వాత గిరి గారిని ఆ దేశం వదిలి వెళ్లమన్నారు, అది వేరే కథ.

ఇప్పుడు పార్నెల్ దగ్గరికి వద్దాం. ఈయన పుట్టింది 1846 జూన్ 27న, విక్లో జిల్లాలో, ఆవన్‌డేల్ అనే దివాణంలో. 1846 అంటే ఏమిటి? బంగాళాదుంప పంటకి తెగులొచ్చి ఐర్లండ్ అంతా కరువు పడ్డ రోజులు. ఆ కొన్నేళ్లలో దాదాపు పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. పేదవాడికి బంగాళాదుంప తప్ప తిండి లేదు, ఎందుకంటే పండిన ధాన్యం కౌలుకి పోయేది. ఆ కౌలు తీసుకునే ఇంట్లో పుట్టాడీయన. నాలుగు వేల ఎకరాల పైచిలుకు ఎస్టేటు. లార్డు బిరుదు ఆయనకి లేదు గానీ వంశం చిన్నది కాదు. ముత్తాత సర్ జాన్ పార్నెల్ ఐర్లండ్‌కి సొంత పార్లమెంటు ఉన్న రోజుల్లో ఆర్థికమంత్రి. ఆ పార్లమెంటుని రద్దుచేసి లండన్‌లో కలిపేస్తామంటే ఒప్పుకోనన్నాడు, పదవి పోగొట్టుకున్నాడు. 1801 నుంచి ఐర్లండ్‌కి సొంత చట్టసభే లేకుండా పోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

తల్లి అమెరికా ఆవిడ. ఆవిడ తండ్రి అమెరికా నౌకాదళంలో పెద్ద అధికారి, బ్రిటిష్ ఓడలతో యుద్ధం చేసి గెలిచినవాడు. ఇంట్లో ఇంగ్లండ్ మీద ప్రేమ ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. పన్నెండో పదమూడో ఏట తండ్రి పోయాడు. ఆస్తితోపాటు అప్పులూ వచ్చాయి. కేంబ్రిడ్జిలో చేరాడు, వీధిలో ఎవరితోనో కొట్లాట పెట్టుకున్నాడు, సస్పెండ్ చేశారు, ఇక తిరిగి వెళ్లలేదు, డిగ్రీ లేదు. క్రికెట్ అంటే ఇష్టం, గుర్రాలంటే ఇష్టం, తన కొండల్లో ఖనిజాలు వెతకడమంటే మహా ఇష్టం. ఇరవై ఎనిమిదో ఏట దాకా ఇంతే! రాజకీయాల్లోకి వస్తాడని ఎవరైనా అనుకుంటారా?

1874లో డబ్లిన్ జిల్లా నుంచి పోటీకి నిలబడ్డాడు. మొదటి సభ. లేచి నిలబడ్డాడు, మాట రాలేదు. ఒక వాక్యం మొదలుపెడతాడు, మధ్యలో ఆగిపోతాడు, ముఖం పాలిపోయింది. జాలిపడి జనమే చప్పట్లు కొట్టి ఆయన్ని గట్టెక్కించారు. ఆ ఎన్నికలో చిత్తుగా ఓడిపోయాడు. మరుసటేడు, 1875 ఏప్రిల్‌లో, మీత్ జిల్లా ఉపఎన్నికలో గెలిచి లండన్ పార్లమెంటుకి వెళ్లాడు. ఇక్కడ మాస్టార్లున్నారు, మీ పిల్లల్లో మైకు ముందు వణికేవాళ్లుంటే ఈయన గురించి చెప్పండి. చివరిదాకా ఆయన మాటకారి కాలేదు. మాట్లాడేటప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని గోళ్లు అరచేతిలో గుచ్చుకునేవాడని దగ్గరివాళ్లు రాశారు. కానీ ఆయన ఒక మాట అంటే దాని బరువు జనానికి తెలిసేది.

సరే, పార్లమెంటు. ఐర్లండ్‌కి అక్కడ 103 సీట్లు, మొత్తం సభ్యులు 650 మంది పైచిలుకు. అప్పటి ఐరిష్ సభ్యుల నాయకుడు ఐజాక్ బట్ అనే పెద్దమనిషి, గొప్ప లాయరు. స్వపరిపాలన కావాలి, హోమ్ రూల్ కావాలి అని ప్రతి ఏడాదీ మర్యాదగా తీర్మానం పెట్టేవాడు, సభ మర్యాదగా ఓడించేది, అందరూ ఇళ్లకి పోయేవారు. పార్నెల్ ఇది చూశాడు. పక్కన జోసెఫ్ బిగ్గర్ అని బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన పంది మాంసం వ్యాపారి. ఈ ఇద్దరూ, ఒక జమీందారు, ఒక మాంసం వ్యాపారి, జతకట్టారు.

వీళ్లు ఏం చేశారు? స్పీకర్ కుర్చీ చుట్టూ మూగలేదు, కాగితాలు చించలేదు, మైకులు విరగ్గొట్టలేదు (అప్పట్లో మైకులు లేవనుకోండి). సభ నియమావళి తీసి చదివారు. ఎంతసేపైనా మాట్లాడొచ్చు అని రాసుంది. మాట్లాడారు. ఎన్ని సవరణలైనా పెట్టొచ్చు. పెట్టారు. వాయిదా తీర్మానం ఎన్నిసార్లయినా అడగొచ్చు. అడిగారు. బిగ్గర్ సర్కారు నివేదికలు పేజీలకి పేజీలు చదివేవాడు, నీ గొంతు వినపడటం లేదయ్యా అని కుర్చీలోంచి అంటే, అయితే దగ్గరికొచ్చి మళ్లీ మొదటినుంచి చదువుతాను అన్నాడట. 1881 జనవరి ఆఖర్లో ఒక అణచివేత చట్టం మీద సభ ఏకబిగిన 41 గంటలు నడిచింది. నలభై ఒక్క గంటలండీ! చివరికి స్పీకర్ సొంత అధికారంతో చర్చ ఆపేశాడు, ఆ తర్వాత చర్చలకి గడువు పెట్టే కొత్త రూల్స్ వచ్చాయి. మీ ఐర్లండ్ గోడు వినడానికి మాకు తీరిక లేదు అన్నవాళ్లకి, అయితే మీ పనులకీ తీరిక లేకుండా చేస్తాం అని చూపించాడు. వాళ్ల సభ, వాళ్ల రూల్స్, వాళ్ల మీదే ఎక్కుపెట్టాడు. ఈయన బుర్ర అలా పనిచేసేది.

ఇక అసలు సంగతి, భూమి.

1877 నుంచి వరసగా పంటలు దెబ్బతిన్నాయి, 1879 మరీ దారుణం. కౌలు కట్టలేని రైతుల్ని ఇళ్లలోంచి లాగి పడేస్తున్నారు. కౌలుదారుకి ఏ హక్కూ లేదు. మూడు తరాలు దున్నినా, గుడిసె తన చేత్తో కట్టుకున్నా, జమీందారు పొమ్మంటే పోవాలి. మన జమీందారీ ప్రాంతాల నుంచి వచ్చిన పెద్దవాళ్లకి ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మైకేల్ డేవిట్ అని ఒకాయన, చిన్నప్పుడే కుటుంబాన్ని ఇలా వెళ్లగొట్టారు, పదకొండో ఏట మిల్లులో చెయ్యి పోగొట్టుకున్నాడు, ఒంటిచేతి మనిషి, ఏడేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. ఆయన రైతుల్ని కూడగట్టడం మొదలుపెట్టాడు. పార్నెల్‌ని రమ్మన్నాడు. పార్నెల్ ఆలోచించాడు. ఎందుకాలోచించడూ? తనూ భూస్వామే! తన ఎస్టేటుకీ కౌళ్లు రావాలి కదా. కానీ వెళ్లాడు. 1879 జూన్‌లో వెస్ట్‌పోర్ట్ సభలో, మీ ఇళ్లనీ మీ భూముల్నీ గట్టిగా పట్టుకోండి, వదలొద్దు అన్నాడు. అక్టోబర్ 21న డబ్లిన్‌లో లాండ్ లీగ్ అనే కౌలురైతుల సంఘం పుట్టింది, అధ్యక్షుడు ఈ జమీందారు.

1880 సెప్టెంబర్ 19. ఎన్నిస్ ఊళ్లో సభ. ఈ సభ గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. పార్నెల్ జనాన్ని అడిగాడు. ఒక రైతుని వెళ్లగొట్టిన పొలాన్ని ఇంకొకడొచ్చి కౌలుకి తీసుకుంటే, వాణ్ణి ఏం చేద్దాం? గుంపులోంచి అరుపులు, కాల్చెయ్యాలి, కాల్చెయ్యాలి అని. పార్నెల్ ఆగాడు. ఎవరో కాల్చెయ్యాలంటున్నట్టు వినపడింది, నేను అంతకంటే చాలా మంచి మార్గం చెబుతాను, మన మతానికి తగ్గది, దారి తప్పినవాడికి పశ్చాత్తాపపడే అవకాశం కూడా ఇచ్చేది అన్నాడు. రోడ్డు మీద కనపడితే తప్పుకోండి. ఊరి వీధుల్లో తప్పుకోండి. అంగట్లో, సంతలో, ఆఖరికి చర్చిలో కూడా వాణ్ణి ఒంటరిగా వదిలేయండి, పూర్వం కుష్ఠురోగిని దూరం పెట్టినట్టు దూరం పెట్టండి. (ఆ పోలిక ఇవాళ మనం వాడం, వాడకూడదు కూడా, ఆయన మాట కాబట్టి చెప్పాను.)

దీన్ని మనం ఏమంటాం? వెలి. అచ్చంగా వెలి. మన ఊళ్లకి ఈ మాట కొత్తా? నిప్పు ఇవ్వకు, నీళ్లు ఇవ్వకు, చాకలి వెళ్లకూడదు, మంగలి వెళ్లకూడదు. కానీ మన దగ్గర వెలి ఎవరు ఎవరిని వేసేవారు? ఉన్నవాళ్లు లేనివాళ్లని. పైవాళ్లు కిందివాళ్లని. పార్నెల్ ఆ ఆయుధం పిడిని తీసి కింద ఉన్నవాళ్ల చేతికిచ్చాడు. అదీ విషయం! మరుసటి నెలల్లో మేయో జిల్లాలో లార్డ్ ఎర్న్ ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్ మీద ఇది ప్రయోగమైంది. పొలం కూలీలు మానేశారు, ఇంట్లో పనివాళ్లు వెళ్లిపోయారు, కమ్మరి గుర్రాలకి లాడాలు కొట్టనన్నాడు, కొట్లో సరుకు ఇవ్వలేదు. దుంపలు తవ్వడానికి ఉత్తరం జిల్లాల నుంచి యాభై మంది వచ్చారు, వాళ్లకి కాపలాగా దాదాపు వెయ్యి మంది సైనికులు! ఒక్కో టర్నిప్ దుంప తవ్వడానికి సర్కారుకి ఒక షిల్లింగు ఖర్చవుతోంది అని పార్నెల్ అన్నాడు. డిసెంబర్ మొదటికల్లా బాయ్‌కాట్ దేశం వదిలి వెళ్లిపోయాడు. ఆ ఊరి ఫాదర్ ఓమాలీ, వెలికి ఇంగ్లీషులో ఉన్న పెద్ద మాట మా జనానికి నోరు తిరగదు, ఈయన పేరే పెట్టేద్దాం అన్నాడట. అలా పుట్టింది మాట.

నలభై ఏళ్ల తర్వాత మన పల్నాడులో అడవి సత్యాగ్రహం రోజుల్లో ఊళ్లకి ఊళ్లు సర్కారు ఉద్యోగుల్ని వెలేశాయి కదా. అవును, మాస్టారు తల ఊపుతున్నారు. వాళ్లకి పార్నెల్ ఎవరో తెలుసని నేను అనడం లేదు. వెలిని అలా తిప్పి వాడొచ్చని వాళ్లకీ తోచింది, అంతే చెబుతున్నాను.

1881లో బ్రిటన్ ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం భూమి చట్టం తెచ్చింది. న్యాయమైన కౌలు కోర్టు నిర్ణయిస్తుంది, కౌలు కడుతున్నంత కాలం వెళ్లగొట్టకూడదు, కౌలు హక్కు అమ్ముకోవచ్చు. చిన్న గెలుపు కాదది. అయినా పార్నెల్ దాన్ని పూర్తిగా మెచ్చుకోలేదు, అక్టోబర్ 13న అరెస్టు చేసి కిల్‌మైన్‌హామ్ జైల్లో పెట్టారు. జైల్లోంచి, అసలు కౌలే కట్టొద్దని ప్రకటన వెళ్లింది. (మనకి పెదనందిపాడు గుర్తొస్తుంది, అక్కడ శిస్తు, ఇక్కడ కౌలు.) మగవాళ్లందరూ జైల్లో ఉంటే ఉద్యమాన్ని నడిపింది ఎవరు? పార్నెల్ చెల్లెలు ఆనా. ఆడవాళ్ల లాండ్ లీగ్. వెళ్లగొట్టిన కుటుంబాలకి గుడిసెలు వేయించారు, జైల్లో ఉన్నవాళ్లకి భోజనాలు పంపించారు, తిట్లు తిన్నారు, వాళ్లలో కొందరు జైళ్లకీ వెళ్లారు. మరి అన్నగారు బయటికొచ్చాక ఏం చేశాడు? వాళ్ల నిధులు ఆపేసి ఆ లీగ్‌ని మూయించాడు. ఆనా ఆ తర్వాత జీవితాంతం అన్నతో మాట్లాడలేదు. ఇక్కడ నాకు పార్నెల్ మీద కోపమండీ, దాచుకోను. పాలేరు చేత చేయించుకున్నట్టు చేయించుకుని పొమ్మన్నాడు.

ఆ జైలు రోజుల్లోనే ఇంకో సంగతుంది. కాథరిన్ ఓషే. ఆయన పార్టీ సభ్యుడే, కెప్టెన్ ఓషే అని, ఆయన భార్య. భార్యాభర్తలు అప్పటికే వేరువేరుగా ఉంటున్నారు. 1880 నుంచి పార్నెల్‌కీ ఆవిడకీ మధ్య ప్రేమ. 1882 ఫిబ్రవరిలో, ఈయన జైల్లో ఉండగా, వాళ్లకి ఒక పాప పుట్టింది. ఏప్రిల్‌లో మేనల్లుడు పారిస్‌లో చనిపోతే ఈయన్ని కొద్దిరోజులు పెరోల్ మీద వదిలారు. దారిలో ఆవిడ ఇంటికెళ్లాడు, మొదటిసారి కూతుర్ని ఎత్తుకున్నాడు. పాప చావుబతుకుల్లో ఉంది. అదే ఇంట్లో ప్రభుత్వంతో రాజీ షరతులు మాట్లాడాలి, మధ్యవర్తి ఎవరు? ఆవిడ భర్త. ఒక గదిలో బిడ్డ చచ్చిపోతోంది, ఇంకో గదిలో బకాయి కౌళ్ల గురించి మాటలు. పాప దక్కలేదు. ఎవరికీ చెప్పుకోడానికి లేదు, నా బిడ్డ పోయింది అని అనడానికి లేదు. ఈయన్ని అందరూ మంచుగడ్డ అనేవారు, నవ్వడు, కలవడు అనేవారు. నేను ఈ ఘట్టం చదివాక ఆ మాట అనలేకపోయాను.

మే 2న విడుదలయ్యాడు. నాలుగు రోజులకే డబ్లిన్‌లోని ఫీనిక్స్ పార్కులో కొత్తగా వచ్చిన మంత్రి లార్డ్ ఫ్రెడరిక్ కావెండిష్‌నీ, ఆయన కింద అధికారి బర్క్‌నీ కత్తులతో పొడిచి చంపారు. పార్నెల్ కుంగిపోయాడు, రాజీనామా చేస్తానని గ్లాడ్‌స్టన్‌కే రాశాడు. వద్దన్నారు. ఈ హత్యలు తర్వాత ఈయన మెడకి చుట్టుకున్నాయి, చెబుతాను.

తర్వాతి మూడేళ్లలో ఈయన కట్టిన పార్టీని చూడాలి మీరు. ప్రతి అభ్యర్థీ ప్రమాణం మీద సంతకం పెట్టాలి. పార్టీతో కూర్చుంటాను, పార్టీతో ఓటేస్తాను, పార్టీ మెజారిటీ తప్పనుకుంటే రాజీనామా చేస్తాను అని. అప్పట్లో ఎంపీలకి జీతం లేదు, డబ్బున్నవాడే వెళ్లగలిగేవాడు. ఈ పార్టీ లేనివాళ్లకి అమెరికా చందాల నుంచి ఖర్చులిచ్చింది. దాంతో కొట్ల వాళ్లు, విలేఖరులు, రైతుబిడ్డలు పార్లమెంటుకి వెళ్లారు. 1885 ఎన్నికల్లో 86 సీట్లు వచ్చాయి. ఇంగ్లండ్‌లో రెండు పెద్ద పార్టీలు, గ్లాడ్‌స్టన్ పార్టీ లిబరల్స్‌కీ వాళ్ల ప్రత్యర్థులు టోరీలకీ మధ్య తేడా ఎంతో తెలుసా? సరిగ్గా 86. గ్లాడ్‌స్టన్ దిగొచ్చాడు, 1886లో హోమ్ రూల్ బిల్లు తెచ్చాడు. ముత్తాత పోగొట్టుకున్న పార్లమెంటు ముని మనవడి చేతికి అందబోయింది. సొంత పార్టీ వాళ్లే 93 మంది గ్లాడ్‌స్టన్‌కి అడ్డం తిరిగారు, 30 ఓట్ల తేడాతో బిల్లు పడిపోయింది. ఓడినా ఒకటి జరిగిందండీ. అంతవరకూ వింటేనే నవ్వే మాట, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఒక పెద్ద పార్టీ విధానమైంది.

1887లో టైమ్స్ పత్రిక ఒక ఉత్తరం అచ్చేసింది. ఫీనిక్స్ పార్కు హత్యల్ని పార్నెల్ లోలోపల సమర్థించాడని, కింద ఈయన సంతకం. విచారణ కమిషన్ పెట్టారు. 1889 ఫిబ్రవరిలో రిచర్డ్ పిగట్ అనే పాత్రికేయుడు బోనెక్కాడు, ఉత్తరాలు అమ్మింది ఆయనే. పార్నెల్ లాయరు చార్లెస్ రస్సెల్ ఒక తెల్లకాగితం చేతికిచ్చి కొన్ని మాటలు రాయమన్నాడు. రాసింది తీసుకున్నాడు. అందులో హెజిటెన్సీ అనే మాటలో ‘ఏ’ అక్షరం రావలసిన చోట ‘ఈ’ పడింది. టైమ్స్ దగ్గరున్న ఉత్తరాల్లోనూ అదే తప్పు! ఒక్క అక్షరం. పిగట్ మాడ్రిడ్‌కి పారిపోయి అక్కడే కాల్చుకున్నాడు. పార్నెల్ సభలోకి వస్తే గ్లాడ్‌స్టన్‌తో సహా లేచి నిలబడ్డారు.

అంత ఎత్తుకి వెళ్లిన మనిషి ఏడాదిన్నరలో ఎలా పడ్డాడు?

కెప్టెన్ ఓషే 1889 డిసెంబర్ 24న విడాకుల కేసు వేశాడు, అందులో పార్నెల్ పేరు. 1890 నవంబర్ 17న తీర్పు. పార్నెల్ కోర్టుకి వెళ్లలేదు, ఒక్క మాట చెప్పలేదు, ఎందుకంటే విడాకులు వస్తేనే వాళ్లిద్దరూ పెళ్లి చేసుకోగలరు. చెప్పకపోవడంతో కెప్టెన్ చెప్పిందే నిజమైపోయింది. ఈయన నాయకుడిగా ఉంటే ఎన్నికల్లో నేను నిలవలేను అని గ్లాడ్‌స్టన్ ఉత్తరం. కాథలిక్ బిషప్పులు వద్దన్నారు. డిసెంబర్ 1 నుంచి 6 దాకా, పార్లమెంటు భవనంలోనే, పదిహేనో నంబరు కమిటీ గదిలో సొంత పార్టీ ఆరు రోజులు పోట్లాడుకుంది. అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నది పార్నెల్. రూల్స్ చూపిస్తూ ఓటింగ్ జరగనివ్వలేదు, పదిహేనేళ్ల కింద ఇంగ్లీషువాళ్ల మీద నేర్చిన విద్యే సొంతవాళ్ల మీద వాడాడు. టిమ్ హీలీ అని ఒకప్పటి ఆయన సెక్రటరీ, పదేళ్ల కింద కెనడా సభలో ఈయన్ని కిరీటం లేని రాజు అన్నవాడు, ఆ గదిలో లేచి, పార్టీకి యజమానురాలు ఎవరు అని అడిగాడు. పార్నెల్ కొట్టబోయినంత పనిచేశాడు. చివరికి 45 మంది లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ముప్పై మంది కూడా లేరు.

ఇప్పుడు వెలి ఆయనకే పడింది. చర్చిలో ఫాదర్లు ఈయనకి ఓటేస్తే పాపమన్నారు. మూడు ఉపఎన్నికల్లో తన మనిషిని నిలబెట్టాడు, కిల్‌కెన్నీ, స్లైగో, కార్లో, మూడూ పోయాయి. కిల్‌కెన్నీ ప్రచారంలో ముఖం మీద సున్నం కొట్టారు, ఒక కన్నుకి కట్టు కట్టుకునే సభలకి వెళ్లాడు. ఆగొచ్చు కదా? గ్లాడ్‌స్టన్‌కి ఎనభై దాటాయి, ఓ ఏడాది పక్కకి తప్పుకుని తర్వాత రావచ్చు కదా? ఎంతమంది ఎన్నిసార్లు చెప్పారో. వినలేదు. ఆ మొండితనమే 41 గంటలు సభలో నిలబెట్టింది, ఇప్పుడు అదే ముంచింది. 1891 జూన్ 25న కాథరిన్‌ని పెళ్లి చేసుకున్నాడు. సెప్టెంబర్ 27న క్రెగ్స్ ఊళ్లో జోరువానలో తడుస్తూ మాట్లాడాడు, అప్పటికే ఒంట్లో బాగోలేదు. అక్టోబర్ 6న ఇంగ్లండ్‌లో, బ్రైటన్ పక్కన హోవ్‌లో, భార్య చేతుల్లో పోయాడు. నలభై అయిదేళ్లు. పెళ్లయి నాలుగు నెలలు కూడా కాలేదు.

డబ్లిన్‌లో గ్లాస్‌నెవిన్ శ్మశానంలో పూడ్చారు. ఆ రోజు జనం గోడల మీది ఐవీ తీగ ఆకులు తుంచి కోటుకి పెట్టుకున్నారు, తర్వాత ఏళ్ల తరబడి అక్టోబర్‌లో అలాగే పెట్టుకున్నారు. నేను ఆ సమాధి చూశాను. పాలరాయి లేదు, బొమ్మ లేదు. చెక్కని గ్రానైట్ బండ ఒకటి, దానిమీద ఇంటిపేరు ఒక్కటే, ఇంగ్లీషులో ఏడక్షరాలు. తేదీలు కూడా లేవు.

ఆవన్‌డేల్‌కి కూడా వెళ్లాం. ఆయన పోయేనాటికి ఎస్టేటు నిండా అప్పులే, కుటుంబం నిలుపుకోలేక అమ్మేసింది. 1903లో వచ్చిన చట్టంతో సర్కారు అప్పిచ్చి కౌలుదార్లతో భూములు కొనిపించింది, ఐర్లండ్‌లో జమీందారీలు అలా కరిగిపోయాయి. ఆ మరుసటేడే ఆవన్‌డేల్‌ని సర్కారు తీసుకుని అడవుల పెంపకం నేర్పే బడి పెట్టింది. ఒకప్పటి జమీందారు పొలాల్లో దేశదేశాల మొక్కలు వరసలుగా నాటారు. ఇప్పుడవి ఆకాశానికి పెరిగాయి. ఆ చెట్ల మధ్య మేం రెండు గంటలు నడిచాం, చిన్నపిల్లలు పరుగులు పెడుతున్నారు.

ప్రశ్నలుంటే అడగండి. మైకు ఆ పక్కకి ఇవ్వండమ్మా.